నలభయ్యా, ఎనభయ్యా

ఆ వారమంతా యిర్మియాకు కాలు ఒకచోట నిలవలేదు. సోమవారం పొద్దున్నే గరాచర్మ బస్సెక్కి, ఉమేష్ ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లి, నలభై వాట్ల ఆంప్లిఫయర్ కావాలని పేరు రాయించి వచ్చాడు. మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ సగంలో లేచి, చెయ్యి కడుక్కుని, ఫోను చేసి దాన్ని ఎనభై చేయించాడు. మంగళవారం మళ్లీ నలభై. బుధవారం స్వయంగా వెళ్లి ఎనభైయే ఖాయం అన్నాడు. బస్టాపు దాకా వచ్చి, వచ్చిన బస్సు వదిలేసి, వెనక్కి నడుచుకుంటూ పోయి, "ఉండనీ, రేపు చెప్తాను" అన్నాడు. ఉమేష్ రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసి, చివరికి యిర్మియా పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నాడు.

మనిషి తెలివితక్కువవాడేం కాదు. దీవుల మధ్య తిరిగే ఫెర్రీ బోట్లలో ముప్పైనాలుగేళ్లు ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. ఆయిలు ఎంత ఉంది, వేడి ఎంతకెక్కింది, ఇంజన్‌కి ఏం రోగం రాబోతోంది, అన్నీ గేజీల ముళ్లు చూసి చెప్పేవాడు. మనుషుల మాట నమ్మినా నమ్మకపోయినా ముల్లు మాట నమ్మేవాడు. అలాంటివాడు ఒక నల్ల డబ్బా కొనడానికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే డాలీగంజ్‌లో ఆ వీధి వీధంతా ముసిముసిగా నవ్వుకుంది.

తిరగడానికి కారణం లేకపోలేదు. ఆ సరుకు దీవుల్లో దొరకదు, చెన్నై నుంచి ఓడలో రావాలి. ఉమేష్ పంపే లిస్టు శనివారం సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. అది దాటితే మళ్లీ నెల్లాళ్ల మాటే. వచ్చాక నచ్చలేదు, వెనక్కి తీసుకోండి అంటే వినేవాడుండడు. రెండూ ఒకే కంపెనీవి, రెంటికీ అదే నల్ల పెట్టె, అదే గుండ్రటి మీట. తేడా అంతా లోపలి బలంలోనే.

అసలు ఆ డబ్బా ఎందుకంటే, భార్య జ్ఞానవతి గొంతు కోసం.

వాళ్ల తెలుగు చర్చిలో ముప్పై ఏళ్లుగా పాట ఎత్తేది జ్ఞానవతే. అక్కడి పద్ధతి అది. పాస్టరుగారు పాట నంబరు చెప్పి ఊరుకుంటారు. హార్మోనియం వాయించేవాడు వేళ్లు మెట్లమీద పెట్టుకుని ఆగుతాడు. జ్ఞానవతి ఏ శ్రుతిలో మొదటి మాట అంటే హార్మోనియం, డోలక్, జనం, అందరూ ఆ శ్రుతి వెనకే నడవాలి. మైకు లేదు, ఎవరూ అడగనూ లేదు. దీవుల్లో పుట్టి పెరిగిన పిల్లల్లో తెలుగు పాటల పుస్తకం గడగడా చదవగలిగేవాళ్లు తక్కువ. ఆవిడ నోట విని, ఒక్కో మాటా పట్టుకుని నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. యిర్మియా ఆ గొంతు విని మనసుపడి పెళ్లి చేసుకున్నాడు, ఆ సంగతి ఎవరి దగ్గరా దాచుకోలేదు కూడా. ఆదివారం డ్యూటీ లేదంటే చాలు, టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చునేవాడు. అలా ఇరవైమూడు కేసెట్లయ్యాయి.

రెండు నెలల కిందట ఆ గొంతు బొంగురుపోయింది. ముందు జలుబన్నారు, మిరియాల కషాయం తాగించారు. తగ్గలేదు. చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, గొంతులో తంతులు ఒరుసుకుని చేతికి కాచినట్టు కాయలు కాచాయని చెప్పాడు. మూడు నెలలు పాట బంద్. మాట కూడా మెల్లిగానే. అప్పటికీ తగ్గకపోతే పాత గొంతు ఇక రాకపోవచ్చు. డాక్టరు నోట్లో నోట్లో మాట్లాడే రకం కావడంతో ఈ ముక్కలన్నీ కూతురు లవీనా బయటికొచ్చాక తండ్రికి విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

పాత గొంతు రాకపోవచ్చు అన్న మాట యిర్మియాను నిలవనివ్వలేదు. ఆ ఆదివారమే చర్చి ముంగిట్లో సంఘ పెద్దల్ని నిలబెట్టి దులిపేశాడు. "ముప్పై ఏళ్లు మైకు లేకుండా పాడించేశారు కదయ్యా! మనిషి గొంతనుకున్నారా, ఓడ సైరననుకున్నారా?" అని. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తప్పు ఒప్పుకున్నారనే యిర్మియా అనుకున్నాడు.

ఆ తర్వాత కేసెట్లు గుర్తొచ్చాయి. రంగత్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు కెల్విన్ వాటన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పంపాడు. ఇంట్లో పాత ఆంప్లిఫయర్ ఉంది. యిర్మియా సర్వీసులో ఉన్నప్పుడు పడాక్ చెక్కతో చేయించుకున్న రెండు స్పీకరు పెట్టెలున్నాయి. పెట్టి విన్నాడు. పాట వస్తోంది, రాగం వస్తోంది, మాటలు మాత్రం రావడంలేదు. పక్కింట్లో ఎవరో తలుపేసుకుని పాడుతున్నట్టుంది. మీట తిప్పాడు. ఇంకా తిప్పాడు. గోడమీది క్యాలెండరు అదిరింది గానీ మాటలు విడివడలేదు.

అంటే బలం చాలడంలేదు. ఇంజన్ మనిషి ఆలోచన అంతే మరి. బోటు కదలకపోతే ఇంజన్ చిన్నదైందని అర్థం. అందుకే ఎనభై. కానీ ఎనభై పెడితే ఆ పాత స్పీకర్లు ఓర్చుకుంటాయా? చిరిగితే? ఇప్పటికే ఒకసారి పాడైన గొంతు, ఇక్కడ తన చేతుల్లో రెండోసారి పాడైతే? ఆ భయం వెయ్యగానే నలభై. నలభై తెచ్చాక కూడా మాటలు వినబడకపోతే? మళ్లీ ఎనభై. ఉమేష్ అయితే మొదటి రోజే, "అరే అంకుల్, ఆప్‌కే కమరే మే చాలీస్ వాట్, నలభై అంటేనే బహుత్ ఎక్కువ. ఆ రూముకి అస్సీ ఎందుకండీ?" అన్నాడు. ఆ ఎందుకు అన్న మాట యిర్మియాకు గుచ్చుకుంది. ఎందుకో దానిమీద కోపం మాత్రం వచ్చింది.

గురువారం ఇంట్లో ఉండలేకపోయాడు, బయటా ఉండలేకపోయాడు. గేటు దాకా వెళ్లడం, రావడం, పెన్‌డ్రైవ్ తీయడం, పెట్టడం. జ్ఞానవతి వంటింట్లోంచి ఏదో అంది. "ఏటి గొణుగుతావు? నోరు తెరిచి చెప్పలేవేటి?" అని కసిరాడు. ఆవిడ తెరిచి చెప్పింది, కూర ఏం చెయ్యమంటారని. "ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. శుక్రవారం లవీనా వచ్చింది. "అమ్మని అరిపించకండి నాన్నా, డాక్టరు ఏమన్నాడు?" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "నేనరిపించడమేటి, మీ చర్చోళ్లు అరిపించారు" అని చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. లవీనా ఇంకేదో అనబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

శనివారం రెండింటికి ఉమేష్ తనే స్కూటరేసుకుని డాలీగంజ్ వచ్చేశాడు. పాతికేళ్లవాడయినా ఓర్పున్నవాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపునుంచి దిగినవాళ్లే గానీ, మూడు మాటల్లో రెండు హిందీలోనే వస్తాయి. "ఛోడియే అంకుల్, మీరు అనుకోవడం కాదు, కొలిచి చూద్దాం. సౌండుకి కూడా గేజీ ఉంటది" అని ఫోను తీశాడు. అద్దంమీద గుండ్రటి డయలు, అంకెలు, మధ్యలో ఎర్ర ముల్లు కనబడ్డాయి. ముల్లు చూడగానే యిర్మియాకు ఆ వారంలో మొదటిసారి కాస్త ప్రాణం కుదుటపడింది. కళ్లజోడు పెట్టుకుని బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

"రోజూ ఎంత సౌండులో వింటారో అంతే పెట్టండి" అన్నాడు ఉమేష్.

యిర్మియా పాట పెట్టి, మీట తిప్పి, అలవాటు ప్రకారం ఒక అరచెయ్యి పడాక్ పెట్టెమీద ఆనించాడు. ఇంజన్ నడుస్తోందో లేదో ఒంటిమీద చెయ్యేసి చూసే అలవాటది. అదురు చేతికి సరిగా తెలిసేదాకా మీట తిప్పుతూనే పోయాడు. ముల్లు తొంభై దాటింది. పక్కింటి కామమ్మ కిటికీ రెక్కలు ధడాలున మూసుకుంది. ఉమేష్ రెండు చేతులా చెవులు మూసుకుని, చాలు చాలని తలతో సైగ చేశాడు.

పాట ఆపాక చెవులు రుద్దుకుంటూ అడిగాడు, "అంకుల్, ఆ సుయ్‌మని వస్తాది కదా కేసెట్ చప్పుడు, అది ఇబ్బందిగా లేదా మీకు? పాటకంటే అదే ఎక్కువుంది."

"ఏ చప్పుడు? కెల్విన్ అదంతా తీసేసి పంపాడు" అన్నాడు యిర్మియా.

ఉమేష్ ఆయన మొహంలోకి పరీక్షగా చూశాడు. తర్వాత కాగితం తీసుకుని, తన మాట తేలిగ్గా ఎక్కాలని గీత గీసి చూపించాడు. "దేఖియే. వాట్లు డబుల్ అయితే సౌండు డబుల్ అవ్వదు. నలభై నుంచి ఎనభైకి పోతే ముల్లు మూడు గీతలు లేస్తది, బస్. ఇప్పుడు మీరు తొంభైలో వింటున్నారు. ఇది కూడా మీకు చాల్తల్లేదంటే..." అని అక్కడ ఆగిపోయాడు.

"అంటే?" అన్నాడు యిర్మియా. ఉమేష్ ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే జ్ఞానవతి టీ పట్టుకుని వచ్చింది. ఒక గ్లాసు ఉమేష్ ముందు పెట్టి, రెండోది భర్త ముందు పెడుతూ, "పంచదార తక్కువేశానండీ!" అంది.

ఫోను ఇంకా బల్లమీదే ఉంది. యిర్మియా కళ్లు డయలుమీదే ఉన్నాయి. ముల్లు ఎగిరి ఎనభైఅయిదు దాటి, వణికి, కిందికి పడింది.

ఆవిడ ఉమేష్ వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. ఉమేష్ నవ్వి ఏదో జవాబు చెప్పాడు. మళ్లీ పెదవులు కదిలాయి, ఈసారి చాలాసేపు. చేతులు తిప్పుతూ ఏదో విడమరిచి చెబుతోంది, ఉమేష్ తల ఊపుతున్నాడు. ముల్లు యాభై దగ్గరే మెల్లిగా ఆడుతోంది. యిర్మియా చెవిలో ఏమీ పడలేదు. ఒక్క మాట, మాటలో ముక్క కూడా.

తర్వాత ఆవిడ భర్తవైపు తిరిగింది. మెడ పక్కన నరం ఉబ్బింది. "ఏటండీ, అలాగుండిపోయారు? టీ చల్లారిపోద్ది!" ముల్లు మళ్లీ ఎనభైఆరు. ఆ మాట అన్నాక ఆవిడ చెయ్యి తనంతట తనే గొంతుమీదికి పోయింది. ఒకసారి మింగింది. మంచినీళ్ల కోసం కాబోలు, లోపలికి వెళ్లిపోయింది.

యిర్మియా టీ ముట్టుకోలేదు. "ఉమేష్, నీ ముల్లు సరిగ్గా పనిచేస్తోందా?" అన్నాడు.

"ఏక్‌దం కరెక్ట్ అంకుల్."

"నువ్వు మాట్లాడు. ఏదన్నా మాట్లాడు."

ఉమేష్ ఈసారి గొంతు పెంచకుండా ఓడ వచ్చే రోజు గురించి ఏదో చెప్పాడు. ముల్లు అరవై దగ్గర ఆడింది, మాటలు మాత్రం సగమే అందాయి. యిర్మియా బల్లమీద వేలితో కొట్టి చూశాడు. చప్పట్లు కొట్టి చూశాడు. కొట్టినప్పుడు లేస్తోంది, ఆపినప్పుడు పడుతోంది. గేజీలో తప్పు లేదు. ముప్పైనాలుగేళ్లలో ఏనాడూ గేజీతో తగువు పెట్టుకోనివాడు ఇప్పుడు దాంతో తగువు కోసం నాలుగైదు రకాలుగా వెతికాడు. దొరకలేదు.

"ఆంటీ ఏమంది నీతో?" అని అడిగాడు చివరికి.

ఉమేష్ ముందుకు వంగి, గొంతు పెంచి చెప్పాడు. "మా పాపకి జ్వరం తగ్గిందా అన్నారు. వాము నీళ్లు ఎలా కాచి పట్టాలో చెప్పారు."

వాము నీళ్లు. అంత పొడుగు మాట అంత నెమ్మదిగా చెప్పగల మనిషి, తన దగ్గర పంచదార తక్కువేశానని చెప్పడానికి మెడ నరం ఉబ్బేలా అరవాల్సి వస్తోంది. సంఘ పెద్దలు ఒకరి మొహం ఒకరు ఎందుకు చూసుకున్నారో అప్పుడు తెలిసింది. వాళ్ల ముందు తను వేసిన కేకలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. నోరు తెరిచి చెప్పలేవేటి అని కసిరిన సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం సిగ్గు కూడా చాల్లేదు. ఆవిడ గొంతు కాయలు కాచింది ఆదివారం పాటలతో కాదు. మిగిలిన ఆరు రోజుల్లో, ఈ ఇంట్లో, కూర ఏం చెయ్యమంటారని అడిగి అడిగి.

ఉమేష్ గడియారం చూసుకున్నాడు. "సాడే తీన్, మూడున్నర అవుతోంది అంకుల్. నేను దుకాణానికి పోయి లిస్టు పంపాలి. నలభయ్యా, ఎనభయ్యా?"

"నువ్వు పద. ఫోను చేస్తాను."

స్కూటరు వెళ్లిపోయింది. యిర్మియా గదిలో నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు వేశాడు. గేటు దాకా వెళ్లాడు, వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. జ్ఞానవతి అటు తిరిగి గ్లాసులు కడుగుతోంది. మొదటిసారి ఆలోచించాడు, కుళాయి నీళ్లు పడుతున్నాయి, దానికేదో చప్పుడుంటుంది కదా అని.

దగ్గరికి వెళ్లి కుళాయి కట్టేశాడు. "జ్ఞానం, ఎన్నాళ్లనుంచి అరుస్తున్నావు నాకోసం?"

ఆవిడ తిరిగి చూసింది. నోరు తెరిచి, గాలి పీల్చుకుంది, ఎప్పటిలా గట్టిగా చెప్పడానికి. యిర్మియా చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. ఉమేష్‌తో మాట్లాడావు కదా, అలా మాట్లాడు." వంగి తన చెవిని ఆవిడ నోటి దగ్గరికి తెచ్చాడు. ఊపిరి వెచ్చగా తగిలింది. మాట అందలేదు. ఇంకా దగ్గరికి జరిగాడు. పెళ్లయిన కొత్తలో తప్ప ఇద్దరూ అంత దగ్గరగా నిలబడి మాట్లాడుకున్నది లేదు.

"నాలుగేళ్లయింది" అంది జ్ఞానవతి. ఈసారి అందింది. గాలిలో కలిసిపోయేలా సన్నగా, బొంగురుగా, అయినా ఆవిడ గొంతే.

"నాలుగేళ్లా! మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ తడిచేతులు చీర చెంగుకి తుడుచుకుంది.

"చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"చాలాసార్లు చెప్పాను. మీ చెవులు పోతున్నాయి, డాక్టరుకి చూపించుకోండని. మెల్లిగానే చెప్పాను. అది అరిచి చెప్పే మాటేటండీ?"

ఎన్ని మధ్యాహ్నాలు ఈ పక్కనే నిలబడి ఈ మాట చెప్పి ఉంటుంది! తను ఏ గేటు వైపో, ఏ బోటు వైపో చూస్తూ ఊఁ కూడా అనకుండా వెళ్లిపోయి ఉంటాడు. ఈవిడ మళ్లీ అరిచి, అన్నానికి రండని పిలిచి ఉంటుంది. వీధి వీధంతా వినేలా మొగుణ్ణి చెవిటివాడనడం ఇష్టంలేక గొంతు పోగొట్టుకుంది. యిర్మియాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఉన్నట్టుండి జ్ఞానవతి ముందు గదివైపు వేలు చూపించింది. ఏమిటన్నట్టు చూశాడు. ఫోను మోగుతోందని పెదవులతో చెప్పింది. వెళ్లి తెచ్చి చేతికివ్వబోయింది. నాలుగుకి పది నిమిషాలుంది. ఉమేష్.

యిర్మియా ఫోను అందుకోలేదు. "నువ్వే చెప్పు. నలభై చాలని చెప్పు. తక్కువైంది డబ్బాలో కాదని చెప్పు. సోమవారం నీ డాక్టరు దగ్గరికే పోతున్నాం, ఈసారి కుర్చీలో నేను కూర్చుంటానని చెప్పు."

ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడింది. ఉమేష్‌తో మాట్లాడే గొంతుతోనే, మెడ నరం కదలకుండా. యిర్మియా పక్కనే నిలబడి ఆ పెదవుల్ని చూశాడు. తను చెప్పిన మూడు ముక్కలకంటే ఎక్కువే చెబుతోంది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఒక్క ముక్కా వినబడలేదు. ఫోను పెట్టేసేదాకా కదలకుండా నిలబడ్డాడు, ఆ తర్వాత వంగి తన చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"ఏం చెప్పావో నాకు కూడా చెప్పు" అన్నాడు.